ఎక్స్‌రే గది ముందు వరుస ఎందుకు కదలదు?

1962లో ఏర్పడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, దానికి అనుబంధమైన ఆసుపత్రి బరంపురానికే గాక దక్షిణ ఒడిశాకంతటికీ పెద్ద దిక్కు. గంజాం, గజపతి, కంధమాల్, రాయగడ జిల్లాల రోగులు ఇక్కడికే వస్తారు. సరిహద్దుకు ఆవల ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల తెలుగువారికి కూడా విశాఖపట్నం కంటె బరంపురమే దగ్గర. ఉపాధి కోసం నగరానికి వచ్చి అద్దె ఇళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇంతమందిలో ఎవరు ఏ బాధతో ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, చాలామంది అదే రోజో మరునాడో ఒకే చోట కలుసుకుంటారు. అది రేడియాలజీ విభాగం. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలన్నీ దాని పరిధిలోనివే.

ఆ గది ముందు బెంచీ మీద గడిచిన పూట రోజుకూలీకి పోయిన కూలి. తోడు వచ్చినవారి కూలి కూడా అందులోనే పోతుంది. వరుస కదలనప్పుడు సిబ్బంది నిర్లక్ష్యమని కొందరు, పలుకుబడి గలవారిని ముందు పంపుతున్నారని కొందరు అనుకుంటారు. ఈ అనుమానాలకు ఎన్నడూ ఆధారం ఉండదని చెప్పడానికి వీలులేదు. కాని వరుస ఆగిపోవడానికి వాటికంటె సామాన్యమైన కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో సగం తలుపుకు లోపల, సగం తలుపుకు వెలుపల పుట్టేవి.

ఖర్చు ఎక్కడ ఉన్నది?

ఆసుపత్రి ఖర్చు తగ్గించాలి, సిబ్బంది ఉత్పాదకత పెంచాలి అన్న మాటలు వినగానే సామాన్యునికి రెండు భయాలు కలుగుతాయి. ఒకటి నాసిరకం సామగ్రి, రెండవది తక్కువ మంది ఉద్యోగులు. రేడియాలజీ విషయంలో ఈ రెండూ ఖర్చును పెంచుతాయే గాని తగ్గించవు. ఎందుకంటే ఆ విభాగపు ఖర్చులో పెద్ద భాగం ఫిల్ములోనో మందులోనో లేదు. సి.టి. యంత్రం ధర కోట్ల రూపాయలలో ఉంటుంది. దానికి ఏటా నిర్వహణ ఒప్పందం కావాలి, గదిని చల్లగా ఉంచే ఏసీలు కావాలి, శిక్షణ పొందిన మనుషులు కావాలి. ఎం.ఆర్.ఐ. అయస్కాంతాన్ని ద్రవ హీలియం సున్నాకు 269 డిగ్రీల దిగువన నిలిపి ఉంచుతుంది. ఆ రాత్రి ఒక్క రోగి రాకపోయినా ఆ చల్లదనాన్ని ఆపడానికి వీలులేదు. అంటే రోగి బల్ల మీద ఉన్నా, బల్ల ఖాళీగా ఉన్నా ఖర్చు ఇంచుమించు ఒకటే. బల్ల ఖాళీగా గడిచిన ప్రతి నిమిషమూ డబ్బు చెల్లించి పారబోసిన నిమిషమే.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక యంత్రం రోజుకు 8 గంటలు, అనగా 480 నిమిషాలు పనిచేస్తున్నదనుకుందాం. ఒక్కొక్క పరీక్షకు 20 నిమిషాలు పడితే 24 మందికి పరీక్ష పూర్తవుతుంది. ప్రతి రోగి వద్ద 6 నిమిషాలు వృథా అయితే 18 మందికే పూర్తవుతుంది. యంత్రం అదే, జీతాలు అవే, కరెంటు బిల్లు అదే. ఆరుగురు మాత్రం మరునాడు రావాలి. ఆ ఆరు నిమిషాలు ఎక్కడ పోతున్నవో వెదకడమే రేడియాలజీలో పొదుపు.

నిర్వహణ ఒప్పందాన్ని మానుకొని మిగుల్చుకుందామనుకొనే ఆసుపత్రి మొదటి ఏడాది లాభపడినట్లే కనిపిస్తుంది. గంజాం తీరంలో ఉప్పుగాలి, తేమ, వోల్టేజి హెచ్చుతగ్గులు నిత్యం ఉండేవే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన తరువాత జిల్లాలో విద్యుత్తు ఎన్ని రోజులు లేదో ఇక్కడివారు మరచిపోలేదు. ఇటువంటి చోట సూక్ష్మమైన యంత్రం కాలక్రమేణా మొరాయించక తప్పదు. మొరాయించిన రోజున వరుస మొత్తం ప్రయివేటు స్కానింగు కేంద్రాల వైపు మళ్లుతుంది. ఆసుపత్రి మిగుల్చుకున్న సొమ్మును రోగులు తమ జేబు నుండి చెల్లిస్తారు.

ఒక్క మాట, రెండు అర్థాలు

వృథా అయ్యే నిమిషాలలో అందరికంటె ఎక్కువగా తెలుగువారికి సంబంధించినది భాష వల్ల పోయే నిమిషం. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు రోగి గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, కదలకుండా నిలబడాలి. అప్పుడే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకొని చిత్రంలో స్పష్టంగా పడతాయి. గాలి వదిలిన స్థితిలో తీస్తే వాటి అడుగుభాగం మసకగా కనిపిస్తుంది, గుండె ఉన్నదానికంటె పెద్దదిగా కనిపిస్తుంది. న్యుమోనియా లేనివారికి ఉన్నదేమోనని, గుండె పెరగనివారికి పెరిగిందేమోనని అనుమానం రావచ్చు. అనుమానం వస్తే మళ్లీ ఎక్స్‌రే, లేదా దానికి మించిన సి.టి., దానికి మరొక వరుస.

బరంపురంలో టెక్నీషియన్ పెద్దావిడను నిలబెట్టి ఒడియాలో “మావుసీ, నిశ్వాస నిఅంతు” అంటాడు. ఒడియావారి వాడుకలో నిశ్వాస అంటే ఊపిరి, నిఅంతు అంటే తీసుకోండి. చదువుకున్న తెలుగువారికి మాత్రం ఉచ్ఛ్వాసం అంటే లోనికి పీల్చేది, నిశ్వాసం అంటే బయటకు విడిచేది. ఒకే సంస్కృత పదం సరిహద్దు దాటేసరికి దిశ మార్చుకున్నది! చదువు లేని తెలుగు కూలీకి ఆ పదమే తెలియదు కనుక టెక్నీషియన్ చేతి సైగను చూసి సరిగానే గాలి పీల్చవచ్చు. బడిలో పాఠం చదివినవాడు శ్రద్ధగా గాలి వదిలివేసే ప్రమాదం ఉన్నది. భాషాశాస్త్రానికి ఇది చక్కని ఉదాహరణే గాని, ఎక్స్‌రే గదిలో దీని ఫలితం చెడిపోయిన చిత్రం.

కనుక నాలుగు మాటలు ముందుగా తెలుసుకొని వెళ్లడం మేలు. “నిశ్వాస నిఅంతు” అంటే గాలి పీల్చండి. “ధరి రఖంతు” అంటే బిగబట్టండి. “ఛాడంతు” అంటే వదలండి. “హలంతు నాహిఁ” అంటే కదలకండి. ఒడియాలో పదాంతపు అకారం ఒకారంలా పలుకుతుంది కనుక మొదటి మాట చెవికి “నిశ్వాసొ” అని వినిపించవచ్చు.

ఆసుపత్రి వైపు నుండి దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. సి.టి. యంత్రాలలో ముందుగా నమోదు చేసిన గొంతుతో ఊపిరి ఆదేశాలను వినిపించే సౌకర్యం ఉంటుంది. కొత్త భాషలో నమోదు చేసుకొనే వీలూ ఉంటుంది. తెలుగు మాట్లాడే ఉద్యోగి ఒకరు, కొద్ది నిమిషాల నిశ్శబ్దం ఉంటే ఆ పని అయిపోతుంది. ఎక్స్‌రే గది గోడ మీద రెండు బొమ్మలు, ఒడియా, తెలుగు లిపులలో రెండేసి మాటలు రాసి ఉంచడానికి అయ్యే ఖర్చు చెడిన చిత్రాల ఖర్చుతో పోల్చదగినది కాదు. కంధమాల్, గజపతి కొండల నుండి వచ్చే కుయి, సవర భాషల వారికి ఈ ఇబ్బంది తెలుగువారి కంటె ఎక్కువ. ఈ ఆసుపత్రి ఏ పర్లాకిమిడి మహారాజు పేరు ధరించిందో ఆ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, సవరలకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తాను నేర్చుకోవాలని గ్రహించి నేర్చుకున్నారు. వైద్యానికీ ఆ సూత్రమే వర్తిస్తుంది.

చిత్రం చెడితే పోయేది సమయం మాత్రమే కాదు. ఎక్స్‌రే, సి.టి. రెండూ శరీరంలోకి రేడియేషన్‌ను పంపుతాయి. ఛాతీ ఎక్స్‌రేలో అందే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటె తక్కువ. పొట్ట సి.టి.లో అది 8 నుండి 10 మిల్లీసీవర్టుల వరకు ఉండవచ్చు. భూమి నుండి, ఆకాశం నుండి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సహజంగా అందేది సుమారు 2.4. మోనజైటు ఇసుక ఉన్న ఛత్రపూర్ తీరంలో సహజ రేడియేషన్ మామూలు ప్రాంతాల కంటె ఎక్కువ. అక్కడి ఖనిజపు ఇసుకను శుద్ధి చేసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం గంజాం వాసులకు తెలిసినదే. ఈ అంకెలు భయపెట్టడానికి కావు. అవసరమైన పరీక్షను రేడియేషన్ భయంతో మానుకోవడం తెలివితక్కువ. అవసరం లేని పరీక్షను, చెడిపోయినందుకు మళ్లీ చేసే పరీక్షను తప్పించుకోవడం వివేకం. గర్భవతులు, గర్భం ఉన్నదేమోనన్న సందేహం గలవారు ఎక్స్‌రే గదిలోకి అడుగుపెట్టకముందే ఆ విషయం చెప్పాలి.

డిజిటల్ యంత్రాలు వచ్చిన తరువాత ఈ విషయంలో ఒక కొత్త చిక్కు ఏర్పడింది. పూర్వం చీకటిగదిలో రసాయనాలతో కడిగే ఫిల్ములు ఉండేవి. ఫిల్ము మీద వెండి సమ్మేళనం ఉండేది గనుక వాడిన రసాయనం నుండి వెండిని తిరిగి రాబట్టడం కూడా ఒక పొదుపు మార్గంగా ఉండేది. చెడిపోయిన ఫిల్ము కళ్లెదుట బుట్టలో పడి ఉండేది. ఎన్ని చెడినవో లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు చెడిన చిత్రం తెర మీద ఒక్క మీటతో చెరిగిపోతుంది. ఖర్చు కనిపించదు, లెక్క మిగలదు, రోగికి రెండవసారి అందిన రేడియేషన్ మాత్రం అందినట్లే. అందుచేత మంచి విభాగాలు చెడిన చిత్రాలను చెరపకుండా, ఎందుకు చెడినవో కారణంతో సహా నమోదు చేస్తాయి. రోగి కదిలాడా, గొలుసు తీయలేదా, ఊపిరి తప్పిందా, యంత్రం అమరిక తప్పిందా అన్నది నెల చివర చూస్తే ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది. ఉద్యోగిని శిక్షించడానికి ఈ లెక్కను వాడిన చోట మాత్రం లెక్క రాయడమే ఆగిపోతుంది.

సిద్ధపడి రానివారు, రానివ్వనివారు

పరీక్షకు వచ్చి, పరీక్ష కాకుండానే తిరిగి వెళ్లేవారు ప్రతి విభాగంలోనూ ఉంటారు. పిత్తాశయం చూడవలసిన అల్ట్రాసౌండ్‌కు సుమారు ఆరు గంటల పాటు ఏమీ తినకుండా రావాలి. టీ తాగినా పిత్తాశయం ముడుచుకుపోతుంది. గర్భాశయం, మూత్రాశయం చూడవలసివస్తే మంచినీళ్లు తాగి మూత్రం ఆపుకొని రావాలి. ఈ రెంటినీ తారుమారు చేసుకొని వచ్చేవారు తక్కువ కాదు. తప్పు వారిది అనుకోవడం తేలిక. చీటీ మీద ఆంగ్లంలో రాసి, ఒడియాలో ఒక్కసారి చెప్పి పంపిన సూచన తెలుగు ఇంట్లో రాత్రికి ఎంత గుర్తుంటుంది?

కాంట్రాస్టు మందు ఎక్కించి తీసే సి.టి. విషయంలో శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగం నుండి వచ్చినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అయోడిన్ కలిసిన ఆ మందును శరీరం నుండి బయటకు పంపేది మూత్రపిండాలే. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఆ మందు హాని చేసే అవకాశం ఉన్నది. అందుకే ముందుగా రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూస్తారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కలిసిన ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంత విస్తరించిందో తెలియని తెలుగువారు లేరు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రంతో కూడిన ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమైనది ఈ వ్యాధి కోసమే. ఆ వ్యాధి చాలాకాలం లక్షణాలేవీ చూపకుండా పెరుగుతుంది. కొబ్బరితోటల ఊరు విడిచి పదేళ్ల కిందట బరంపురం వచ్చి తాపీపని చేసుకుంటున్నవారికి తమకది ఉన్నదో లేదో తెలియకపోవచ్చు. కనుక తాము, తమవారు ఉద్దానం వారమని, ఇంట్లో ఎవరికైనా డయాలిసిస్ జరుగుతున్నదని వైద్యునికి, టెక్నీషియన్‌కు చెప్పడం అవసరం. ఇటీవలి క్రియాటినిన్ కాగితం చేతిలో ఉంటే పరీక్ష ఆ పూటే జరుగుతుంది. లేకపోతే రక్తపరీక్షకు ఒక వరుస, దాని ఫలితానికి మరొక పూట. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్న సంగతి, పూర్వం ఏ ఇంజక్షనుకైనా దద్దుర్లు గాని ఆయాసం గాని వచ్చిన సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. మందును సొంతంగా మానుకోకూడదు. మానాలో వద్దో వైద్యుడే చెబుతాడు.

గర్భిణుల అల్ట్రాసౌండ్‌కు గుర్తింపు కాగితం, చిరునామా, వైద్యుని చీటీ తప్పక తీసుకువెళ్లాలి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి గర్భిణి స్కానింగుకూ ఫారం-ఎఫ్ నింపి భద్రపరచాలి. ఇది ఆసుపత్రి పెట్టిన తతంగం కాదు, తప్పించుకోదగినదీ కాదు. పుట్టబోయేది ఆడో మగో అడగడం, చెప్పడం రెండూ నేరమే.

అసలు పరీక్షే అక్కరలేని సందర్భాలు కూడా ఉన్నాయి. బరువులెత్తేవారికి వచ్చే మామూలు నడుంనొప్పి అటువంటిది. అమెరికాలో 2012లో ‘చూజింగ్ వైజ్‌లీ’ పేరుతో మొదలైన కార్యక్రమంలో అక్కడి వైద్య సంఘాలే ఇచ్చిన సలహా ఇది: కాలు చచ్చుపడటం, మలమూత్రాలపై అదుపు తప్పడం, జ్వరం, కేన్సర్ చరిత్ర వంటి ప్రమాద సూచనలు లేనప్పుడు నడుంనొప్పికి మొదటి ఆరు వారాలలో స్కానింగులు చేయించవద్దు. ఎక్కువమందికి ఆ లోపలే నొప్పి తగ్గుతుంది. “స్కానింగు రాయండి డాక్టరుగారూ” అని అడిగి రాయించుకునే అలవాటు, అడిగినదే తడవుగా రాసి పంపే అలవాటు రెండూ కలిసి వరుసను పెంచుతున్నాయి. ఆ వరుసలో వెనుక నిలబడినవాడు తలకు దెబ్బ తగిలినవాడు కావచ్చు.

మనుషుల సమయం

టెక్నీషియన్‌ను వేగంగా పనిచేయమని తొందరపెట్టడం ఉత్పాదకత కాదు. వేగం పెంచితే పొరపాట్లు పెరుగుతాయి, కుడి మోకాలికి బదులు ఎడమ మోకాలు చిత్రంలో పడుతుంది. చూడవలసినది అతడు తన చదువుకు తగిన పనిలో ఎన్ని నిమిషాలు ఉంటున్నాడన్నది. చాలా చోట్ల టెక్నీషియనే చీటీ చదివి పేరు పిలుస్తాడు, రిజిస్టరు రాస్తాడు, చక్రాల కుర్చీ తోస్తాడు, నగలు తీయమని బతిమాలుతాడు, ఆ తరువాత పరీక్ష చేస్తాడు. ఈ సమయమంతా కోట్ల రూపాయల యంత్రం అతని కోసం ఎదురుచూస్తుంటుంది. తలుపు బయట ఒక సహాయకుడు ఉండి తరువాతి రోగిని సిద్ధం చేస్తే, బట్టలు మార్చుకొనే గదులు ఒకటికి రెండు ఉంటే, బల్ల మీదివారు దిగేసరికి తరువాతివారు తయారుగా ఉంటారు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ఒక బల్ల మీద ఆపరేషన్ ముగించేసరికి పక్క బల్ల మీద రెండవ రోగి సిద్ధంగా ఉంటాడు. తక్కువ ఖర్చుకు లక్షలాదిమందికి చూపునిచ్చిన ఆ సంస్థ రహస్యంలో ఇది ఒక ముఖ్యభాగం. గమనించవలసినది ఏమంటే అక్కడ సహాయక సిబ్బంది తక్కువ కాదు, ఎక్కువ. జీతం తక్కువగల ఉద్యోగాన్ని రద్దు చేసి పొదుపు చేశామనుకొంటే, ఆ పని జీతం ఎక్కువగలవారి నెత్తిన పడుతుంది.

అన్నిటికంటె అరుదైన వనరు రేడియాలజిస్టు కన్ను. చిత్రం తీయడం నిమిషాలలో జరిగినా, దానిని చదివి రిపోర్టు రాయవలసిన నిపుణులు తక్కువ. కేంద్ర ప్రభుత్వం జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో ప్రారంభించిన ఉచిత రోగనిర్ధారణ సేవలలో టెలిరేడియాలజీని చేర్చినది ఇందుకే. చిత్రం ఇక్కడ తీస్తారు, కంప్యూటరు ద్వారా మరొక ఊరిలోని నిపుణుడు చూస్తాడు. చిన్న ఆసుపత్రులకు ఇది నిజమైన మేలు. అయితే దూరాన ఉన్న నిపుణునికి రోగి కనిపించడు, కాగితం మాత్రమే కనిపిస్తుంది. చీటీ మీద ‘ఛాతీ ఎక్స్‌రే’ అని మాత్రమే ఉంటే అతడు అంతా వెదకాలి. ‘మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం జ్వరం’ అని ఉంటే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. అందుకే చీటీ రాస్తున్న వైద్యునికి బాధ ఎప్పుడు మొదలయిందో, పూర్వం ఏ ఆపరేషన్ జరిగిందో చెప్పి రాయించుకోవడం రోగి చేయగలిగిన గొప్ప సహాయం.

సిబ్బంది భద్రత కూడా లెక్కలోనిదే. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే దేశంలో ఏ ఎక్స్‌రే యంత్రాన్నీ నడపకూడదు. టెక్నీషియన్ ఛాతీ మీద కనిపించే చిన్న బిళ్ల అతనికి ఎంత రేడియేషన్ అందుతున్నదో కొలుస్తుంది. వృత్తిరీత్యా అందే మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. “మా పిల్లవాడు భయపడతాడు, నీవు పట్టుకో బాబూ” అని టెక్నీషియన్‌ను గదిలో నిలబడమనడం సరికాదు. అవసరమైతే గర్భవతి కాని బంధువు ఒకరు సీసపు ఏప్రాన్ ధరించి పట్టుకోవచ్చు. మిగిలినవారు తలుపు బయట ఉండాలి.

ఎం.ఆర్.ఐ. గది విషయంలో ఈ క్రమశిక్షణ ప్రాణావసరం. అందులో రేడియేషన్ లేదు గాని, అయస్కాంతం పరీక్ష లేని వేళల్లో కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో బంధువు వెంట ఆక్సిజన్ సిలిండరు పట్టుకొని ఆ గదిలోకి వెళ్లిన యువకుణ్ణి అయస్కాంతం సిలిండరుతో సహా లాగివేసింది, అతడు మరణించాడు. తాళంచెవులు, ఫోను, పిన్నీసు, మొలతాడుకున్న లోహపు బిళ్ల, వినికిడి యంత్రం అన్నీ బయట వదలాలి. గుండెలో పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, కంట్లో వెల్డింగు రవ్వ పడిన అనుభవం ఉంటే ముందుగానే చెప్పాలి. ప్రశ్నల పత్రాన్ని భాష తెలియక తలూపి సంతకం చేయకూడదు. తెలుగు చదివి చెప్పేవారి కోసం రెండు నిమిషాలు ఆగమని అడగవచ్చు. ఆ రెండు నిమిషాలు వృథా కావు.

చెల్లింపు, కార్డు, ఫిల్ము

ఒడిశా ప్రభుత్వం 2018లో ప్రవేశపెట్టిన ‘నిదాన్’ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో రోగనిర్ధారణ పరీక్షలు ఉచితంగా అందుతాయి. బయట కేంద్రానికి వెళ్లమని ఎవరైనా చెబితే, ఆ పరీక్ష లోపల ఎందుకు లేదో కౌంటరులో అడిగి తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ పథకం కూడా గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిసి అమలులోకి వచ్చింది. ఆయుష్మాన్ కార్డు ఆంధ్రప్రదేశ్‌లో పొందినదైనా ఇక్కడి నమోదిత ఆసుపత్రులలో చెల్లుతుంది. కాని ఆ కార్డు ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేవారికే; చేరడానికి ముందు 3 రోజుల, విడుదలైన తరువాత 15 రోజుల పరీక్షల ఖర్చు దాని పరిధిలోకి వస్తుంది. ఓ.పి.లో చూపించుకొని కార్డుతో స్కానింగు చేయించుకుందామని ప్రయివేటు కేంద్రానికి వెళ్లినవారు నిరాశపడతారు.

రెండు ఊళ్ల మధ్య బతికేవారు ఒకే పరీక్షను రెండుసార్లు చేయించుకోవడం సర్వసాధారణం. బరంపురంలో తీసిన సి.టి. ఇంట్లో ఉంటుంది, రోగి విశాఖలో ఉంటాడు. అక్కడి వైద్యుడు మళ్లీ తీయిస్తాడు. కిటికీకి ఆనించి ఫోనులో తీసిన ఫిల్ము ఫోటో వాట్సాప్‌లో పంపితే చిన్న మచ్చలు, సన్నని పగుళ్లు కనిపించవు. ఆసుపత్రి వారు సి.డి. గాని, చిత్రాల లింకు గాని ఇస్తారేమో అడిగి తీసుకోవాలి. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా సంఖ్య ఉంటే, ఆ ఏర్పాటుతో అనుసంధానమైన ఆసుపత్రులలో రిపోర్టులు ఒకేచోట చేరతాయి. ఆభా సంఖ్య చికిత్సకు డబ్బు చెల్లించే కార్డు కాదు. దీనిని ఆయుష్మాన్ కార్డుగా పొరపడేవారు చాలామంది.

ఫిల్మును మడవకూడదు, చుట్టకూడదు. నేటి ఫిల్ములలో చాలావరకు వేడితో ముద్రించేవి. స్కూటరు డిక్కీలో ఎండకు వదిలినా, పొయ్యి పక్క అటక మీద పెట్టినా క్రమంగా నల్లబడతాయి. భద్రంగా ఉంటుందని జిరాక్సు దుకాణంలో లామినేషన్ చేయిస్తే ఆ యంత్రపు వేడికి ఫిల్ము మొత్తం ఒక్క నిమిషంలో నల్లగా మారి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఆసుపత్రి ఇచ్చిన కవరులోనే, రిపోర్టుతో కలిపి, బట్టల పెట్టె అడుగున పరచి ఉంచితే చాలు. కవరు మీద తేదీని పెద్ద అంకెలతో రాయాలి. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూడగలిగితే వైద్యునికి మూడవది తీయించవలసిన అవసరం తరచుగా రాదు.